తాళిలో మా ఇంటి బొట్టు కోసం బోగోలు పోయినప్పుడు

అరవైల్లో ఒకసారి కొడవలూరు నుంచి బోగోలు పోయినాను, ఊరు చూడ్డానికి కాదు. మా చెల్లెలు రమణమ్మ, మరిదీ జ్ఞానస్నానం తీసుకుని కేథలిక్కుల్లో కలిసినారు. మా వైపు తాళికి రెండు బొట్లుంటాయి, అత్తింటిది ఒకటి, పుట్టింటిది ఒకటి. "మన దేవుడు వద్దనుకున్నాక మన బొట్టు దాని మెడలో ఎందుకు? పోయి పట్టుకురా" అని మా అన్న నన్ను పంపినాడు. తెస్తే చెల్లెలికి పుట్టిల్లు తెగిపోయినట్టే. తేకపోతే అన్న ఏమంటాడో.

పొద్దున ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే బోగోలుకి దిగే బిట్రగుంట. టికెట్టు అణాల్లోనే. అయినా ప్రతి స్టేషన్లో ఇదేనా, ఇదేనా అని అడుగుతానే ఉన్నా. బయట జట్కా మస్తాన్ అర్ధరూపాయి అన్నాడు.

"ఎవురింటికమ్మా?"

చెప్పినా.

"ఆ వీధికా? అమ్మోరి ఊరేగింపు రాకూడదని చర్చివాళ్ళు, వచ్చి తీరతాదని గుడివాళ్ళు. రెండు దినాలు నాకు బాడుగల్లేవు."

"ఇప్పుడూ కొట్టుకుంటా ఉండారా?"

"మాట్లాడుకోరంతే. నా బండిలోనే పక్కపక్కన కూచోని చెరో దిక్కు చూస్తారు. గొడవ లేదు, గుర్రానికి సుఖం."

నాకు నవ్వు రాలేదు. రాళ్ళు పడతాయేమోనని కొంగు తలమీదికి లాక్కున్నా.

చెల్లెలి నుదుట కుంకుమ లేదు. తాళి ఉంది. అత్తింటి బొట్టు కరిగించి చిన్న శిలువ చేయించుకునింది. పక్కనే మా బొట్టు.

"ఫాదరుగారు ఏమీ అనలేదా?"

"అడిగినారు. మా అమ్మానాయన పెట్టింది, దీని జోలికి రావద్దన్నా."

అన్న మాట చెప్పినా. చెల్లెలు తాళి పైకి తీసి నా ముందుకు వంగింది.

"తీసుకుపో అక్కా. మొగుడు బతికుండగా నా చేత్తో నేను తీయను. నువ్వే తియ్యి."

పెరట్లో మరిది కట్టెలు కొడతా ఉన్న చప్పుడు వినపడతా ఉంది. నా చెయ్యి ముందుకు పోలేదు.

"అన్నకి నేను చెప్పుకుంటాలే" అన్నా.

అన్నానికి పిలిచింది. తింటే మా వాళ్ళేమంటారో అని గడపలోనే నిలబడిపోయినా. చెల్లెలు విస్తరి వెయ్యబోయి ఆగింది. నేను కూర్చున్నాకే వేసింది.

తేలేదని చెప్తే అన్న ఆ పూట అన్నం మానేసినాడు, తెల్లారి పొలానికి పోయినాడు. మళ్ళీ అడగలేదు. చెల్లెల్ని ఇంటికి రమ్మనీ అనలేదు. నేనే ఏడాదికోసారి పోతా వచ్చినా. మతం మారితే ఏమేమి మారాలో నాకిప్పటికీ తెలియదు. శిలువా మా బొట్టూ ఒకే దారాన ఒరుసుకుని రెండూ అరిగినాయి, అదొక్కటే చూసినా.

మతం మారిన అయినవాళ్ళింటికి తొలిసారి పోయేవాళ్ళకి ఒక్క మాట. అక్కడ అన్నం తింటారో లేదో రైల్లోనే తేల్చుకోండి. గడపలో నిలబడి ఆలోచిస్తే వాళ్ళు చూస్తారు.