గ్రహణం పూట గట్టు మీద మంట

2018 జనవరి 31న శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక పేటకు పడవల తనిఖీకి వెళ్లాను. అప్పుడు నేను మత్స్యశాఖలో ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసరుని, పదవీ విరమణ దగ్గర పడింది. ఆఫీసరు అన్నంత మాత్రాన పెద్ద హోదా అనుకోవద్దు. కుర్చీలో కంటే ఇసుకలో ఎక్కువ గడిచే ఉద్యోగం. పడవ మీద రాసిన రిజిస్ట్రేషన్ నంబరు, ఇంజను, లైఫ్ జాకెట్లు సరిచూసి సంతకం పెట్టాలి. జాకెట్ల విషయంలో నేను నస పెడతానని ఆ తీరమంతా పేరు.

ఆ సాయంత్రం సంపూర్ణ చంద్రగ్రహణం. ఒక్కటి తప్ప పడవలన్నీ పెందరాళే ఒడ్డు చేరాయి. ఆ ఒక్కదాంట్లో ఎర్రయ్య, మరో ముగ్గురు ఉన్నారు. వల ఎక్కడో చిక్కుకుందని మధ్యాహ్నం ఫోనులో చెప్పాడట. అతని భార్య పోలమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు గట్టున నిలబడి చూస్తున్నారు. తనిఖీ ఆ పడవ ఒక్కదానికే మిగిలింది కనుక నేనూ ఉండిపోయాను.

అక్కడ పడవ ఎక్కడ పడితే అక్కడ ఒడ్డుకు రాకూడదు. ఉత్తరాన ఏరు సముద్రంలో కలిసే మొగ ఉంది. మొగ ముందు ఇసుక మేట, దాని మీద విరిగే కెరటాలు. వాటిలో చిక్కితే పడవ తిరగబడుతుంది. పేటలో దీపాలకు సరుగుడు తోట అడ్డం. అందుకని చీకటి రోజుల్లో ఆడవాళ్లు గట్టున కొబ్బరి మట్టలు తగలబెట్టి దారి చూపిస్తారు. పున్నమికి ఆ అవసరం రాదు.

చంద్రుడు పొద్దు గూకకముందే లేచాడు. సముద్రం అంచున మసకలో పాలిపోయి, ఒక పక్క కొరికినట్టున్నాడు. మామూలుగా చీకటి పడేకొద్దీ వెలుగెక్కేవాడు, ఆ సాయంత్రం చీకటితో పాటు తనూ తగ్గుతూ వచ్చాడు. చివరికి నీళ్లకు బెత్తెడు పైన, బూడిద కప్పిన నిప్పులా మిగిలాడు. ఒకసారి చూపు తిప్పితే మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. సముద్రం కనబడడం లేదు, హోరు మాత్రం వినిపిస్తోంది. కుక్కలు తోటలోకి పోయాయి. గ్రహణమంటే భూమి నీడేనని నాకు తెలుసు. అయినా ఒళ్లు జలదరించింది, దాచుకోవడం దేనికి.

దూరంగా ఇంజను చప్పుడు వినిపించింది. మంట వేయమన్నాను. ఎవరూ కదలలేదు.

"గరణం పూట మేం నిప్పు ముట్టించమమ్మా" అంది పోలమ్మ. మళ్లీ తనే, "మీకు గరణం లేదు కదా. నువ్వెలిగించు" అంది.

మాది విజయనగరంలో బాప్టిస్టు క్రైస్తవ కుటుంబం. ఆ సంగతి ఆమెకు తెలుసు. అగ్గిపెట్టె కూడా ఆమే తెప్పించి ఇచ్చింది. నేను మట్టలు అంటించాను. మంట పైకి లేచింది. మా వైపు వస్తున్న ఇంజను చప్పుడు కాస్తా ఆగిపోయింది.

ఇంజను ఆపితే నీటి లాగుడు పడవను మేట మీదికే తీసుకుపోతుంది. పోలమ్మ ఫోను కలిపింది. అంతకుముందు ఎన్నిసార్లు చేసినా ఇంజను మోతలో ఎర్రయ్యకు వినబడలేదు. ఈసారి ఎత్తాడు. స్పీకరులో గొంతు గుసగుసలా వచ్చింది.

"ఎవులు?"

"నేనే, పోలిని. రావేటి?"

"నువ్వు పోలివైతే ఆ మంటేటి? గరణం పూట మన గట్టు మీద నిప్పెవులెట్టినారు?"

అప్పుడు నాకు అర్థమైంది. గ్రహణంలో ఆ పేటవాళ్లు నిప్పు ముట్టించరు. కనుక ఆ మంట పేటది కాదు, కొరివిదెయ్యానిది. దెయ్యమన్నాక పెళ్లాం గొంతుతో కూడా పిలుస్తుంది. వాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. నేనొకదాన్ని గట్టున ఉన్నానని మాత్రం వాళ్లకు తెలియదు.

పోలమ్మ ఏడుస్తూ ఒట్లు పెట్టింది. అతను నమ్మలేదు. మంట ఆర్పేస్తే ఇక దారి చూపేదే ఉండదు. నేను ఫోను లాక్కుని అతని పడవ నంబరు మొత్తం చదివాను. అయినా ఇంజను మోగలేదు. భయంతో పాటు నాకు కోపమూ వచ్చింది. నలుగురూ జాకెట్లు వేసుకున్నారా, ఎప్పటిలాగే కింద పరుచుకుని కూర్చున్నారా అని గద్దించాను.

ఎర్రయ్య పక్కవాడితో అంటున్నట్టు వినిపించింది.

"మేడంగోరే రా. ఇంజనెయ్యి."

పడవ వచ్చింది. టార్చి వేసి చూస్తే ఫైబరు పడవ అడుగుభాగం పొడవునా కొత్తగా గీసుకుపోయి ఉంది. అప్పటికే మేట తగిలిందన్నమాట. పోలమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని వదల్లేదు. అతను మాత్రం, సంగతంతా తెలిశాక కూడా, ఆ మంటకు దూరంగానే నిలబడ్డాడు.

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, గ్రహణం వస్తోందంటే ముందురోజే పేటలకు వెళ్లేదాన్ని. గట్టున ఏ దీపం ఉంటుందో, దాన్ని ఎవరు పట్టుకుంటారో పడవవాళ్లకు చెప్పి వచ్చేదాన్ని. దారి చూపడానికి దీపం ఒక్కటే చాలదు. అది ఎవరు పెట్టారో సముద్రం మీద ఉన్నవాడికి ముందే తెలిసి ఉండాలి.