గోడ మీద ఘాటు వంతెన

ఆదోని స్టేషన్ గోడ మీద ఆ బొమ్మ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నల్లమల ఘాటులో మీటర్ గేజి రైళ్లు నడిచిన పాత ఇనుప వంతెన అది. అసలు వంతెనను ముక్కలుగా కోసి తుక్కు కింద అమ్మేశారు. ఆ తర్వాత గోడ మీద దాని బొమ్మ వేయించి, కింద ‘మన వారసత్వాన్ని కాపాడుకుందాం’ అని రాయించారు.

రంగులు వేస్తున్న రోజు, ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చున్న నా పక్కన ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక ముసలామె కూర్చుని ఉంది. బొమ్మను చూడగానే లేచి వెళ్లి, వంతెనను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది.

“నా మొగుడు ఘాటులో గ్యాంగ్‌మన్. పనికి దిగేముందు పట్టాకు ఇట్లే మొక్కుతాండె,” అంది నాతో.

“అవ్వా, ముట్టద్దు! రంగు పాడైతాది,” అని బొమ్మ వేయిస్తున్న కాంట్రాక్టరు అరిచాడు.

ఆమె గిర్రున తిరిగింది.

“మా ఆయన బతుకంతా కాపలా కాసిన ఇనుమప్పా అది! దాన్ని కోస్తాంటే ముట్టద్దని ఒక్కడన్నా అడ్డం పోయినాడా? ఈ రంగుకు మాత్రం కాపలా వచ్చినావా?”

ఈసారి అరచేయి మొత్తం ఆనించి, గట్టిగా నొక్కింది.

వంతెనను కాపాడటానికి దొరకని మనుషులు, ఆ అరచేతి గుర్తును చెరపడానికి మాత్రం నా రైలు వచ్చేలోపే దొరికారు.