వైవా గదిలో నాన్న

శ్రీకాకుళం యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ వైవాకి నాన్న రావడం నాకిష్టం లేదు. సాయంత్రం శ్రీకాకుళంలోనే ఓ పెళ్లి ఉంది, బ్యాండు మేళంలో ఆయన క్లారినెట్ వాయించాలి. మిల్లులో షిఫ్టు మానేసి, మేళం ఎర్రకోటూ క్లారినెట్టూ ఒకే సంచిలో వేసుకుని, నెల్లిమర్లలో నాతోపాటే బస్సెక్కాడు.

"గది బయటే కూకుంటానమ్మా, నీకేటి నట్టం?" అన్నాడు.

స్పెయిన్ వాళ్లు ఏలిన మెక్సికోలో సంగీతం ఎలా ఎదిగిందన్నది నా పరిశోధన. పాదిరీలు స్థానికులకు స్వరలిపి నేర్పి చర్చిలో పాడించారు. కొన్నాళ్లకి ఆ జనమే వాద్యాలు చెక్కడం మొదలుపెట్టారు. వాయించేవాళ్లు ఎంత పెరిగారంటే, ఇక తగ్గించమని చర్చి పెద్దలే ఆజ్ఞ జారీ చేశారు. పాదిరీల ఉత్తరాలు పట్టుకుని ఐదేళ్లు రాశాను.

పరీక్షించడానికొచ్చిన పెద్దావిడ నా థీసిస్ పుస్తకం మూసి పక్కన పెట్టారు.

"ఇవన్నీ నేర్పినవాళ్లు రాసుకున్న మాటలు. నేర్చుకున్నవాళ్ల మాట ఎక్కడ?"

"దొరకలేదు మేడం."

"వెతికారా?"

మా గైడు నా వైపు చూడటం మానేశారు. ఏం తోచక, "పరాయి వాద్యం నేర్చుకున్న కుటుంబమే మాది. మా తాతకి బ్యాండు మేస్టరు నేర్పారు. మా నాన్న బయటే ఉన్నారు" అనేశాను.

"పిలవండి."

నాన్న చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. మీ తండ్రికి ఎవరు నేర్పారని ఆవిడ అడిగారు. నాన్న నా ముఖం చూసి, తల దించుకున్నాడు.

"ఎవులూ నేర్పనేదు తల్లీ. మా అయ్య విజీనారంలో మేస్టరు ఇంటికాడ గొడ్లకి గడ్డేసీవోడు. నోపలికి రానిచ్చీవోరు కాదు. గోడవతల నిలబడి ఇన్నాడు. ఇంటికొచ్చి ఎదురుబొంగు మీద ఏళ్లు ఆడించి నేర్సుకునీవోడు."

"మరి మీ అమ్మాయికి అలా చెప్పారేం?"

"గోడవతల ఇన్నామంటే పెళ్లిళ్లకి ఎవులు పిలుస్తారు తల్లీ?"

నేర్చుకున్నవాళ్ల గురించిన అధ్యాయం మళ్లీ రాసి తెమ్మని ఆవిడ పుస్తకం వెనక్కి ఇచ్చారు.

వరండాలో నాన్న, "నానే సెడగొట్టీసినానా?" అన్నాడు. నేను మెట్లు దిగేశాను. కోపం పరీక్ష పోయినందుకో, ఇన్నాళ్లూ నాకు అబద్ధం చెప్పినందుకో నాకే తెలీలేదు. ఆయన కోటు తొడుక్కుని ఆటో ఎక్కాడు. రెండు నెలలు మా మధ్య అన్నం, నీళ్ల మాటలే నడిచాయి.

ఆ ఉత్తరాలే మళ్లీ చదివాను. అప్పుడు కంటబడింది ఒక పాదిరీ ఫిర్యాదు: అనుమతి లేనివాళ్లు, ఎవరూ నేర్పనివాళ్లు, ఊళ్లలో పెళ్లిళ్లకి వాయిస్తున్నారట. ఇంతకుముందు కూడా చదివాను దాన్ని. పనికిరాదని వదిలేశాను.

ఆ మధ్యాహ్నమే మిల్లు గేటు దగ్గరికి వెళ్లి నాన్నకి చెప్పాను. నువ్వు నోరు విప్పకపోతే నాకిది కనపడేది కాదన్నాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"అలగ వాయించినోళ్లని కొట్టినారేటి?" అని అడిగాడు.

ఉత్తరంలో అది లేదన్నాను. ఆ ఫిర్యాదు మీద తిరిగి రాసిన అధ్యాయంతోనే నాకు డిగ్రీ వచ్చింది.