రొయ్యల వాసన, ఏసీ కారు

మా రొయ్యల ప్లాంటులో పార్కింగు షెడ్డు చిన్నది. కారుకొక మనిషి చొప్పున దిగుతుంటే, సగం కార్లు ఎండలో పెనాల్లా కాలేవి. అందుకని యాజమాన్యం నోటీసు అంటించింది: కనీసం ముగ్గురిని ఎక్కించుకొచ్చిన కారుకే ఇకపై నీడ. కావలి నుంచి ఒక్కరే వచ్చే మా మేనేజరు గారు ఆ రోజు నుంచే మనుషుల కోసం వెతకడం మొదలుపెట్టారు. ఎవరూ దొరకలేదు.

నిజానికి ఆ కారు అవసరం ఒక అక్కకు ఉంది. రొయ్యల్ని సైజులవారీగా వేరుచేసే గ్రేడింగు టేబులు దగ్గర నాతోపాటు పనిచేస్తుంది. ఆమెది బోగోలు. బస్సు వేళ మార్చడంతో, సాయంత్రం షిఫ్టు వదిలేసరికి అది వెళ్ళిపోతోంది. నెలాఖరుకు పని మానేస్తానంది.

మేనేజరు గారు స్వయంగా వచ్చి అడిగారు.

"నేను బోగోలు మీదుగానే గదమ్మా పోయేది. పొద్దున ఎక్కించుకుంటా, సాయంత్రం దింపుతా."

"పర్లేదు సార్," అని అక్క రెండడుగులు వెనక్కి వేసింది.

ఆయన మొహం చిన్నబోయింది. నన్ను పక్కకు పిలిచి, "నా డ్రైవింగు బాగలేదనుకుంటా ఉండారా?" అన్నారు.

"లేదు సార్. దాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

ఆ తర్వాత అక్కను అడిగాను. "ఏందక్కా, ఉద్యోగమన్నా వొదులుకుంటావు గానీ కారెక్కవా?"

"దినమంతా రొయ్యల్లో నిలబడి ఆ సీట్లో కూర్చుంటే ఇంకేముంది? బస్సులోనే పక్కనోళ్ళు ముక్కు మూసుకుంటారు. సారు గూడా మూసుకుంటే, మర్నాడు ఆయన మొహం ఎట్టా చూసేదిరా?"

అప్పటిదాకా నా బైకు వెనక ఎవరూ ఎక్కకపోవడానికి నా జోకులే కారణమనుకున్నాను.

మేనేజరు గారికి సంగతి చెప్పాను. ఆయన చొక్కా కాలరు పట్టుకుని వాసన చూసుకున్నారు.

"నాకేం తెలవడంలా."

"ఇన్నేళ్ళు ఇక్కడున్నాక తెలవదు సార్."

వారం తిరగకముందే పాత స్టోరు గది ఖాళీ చేయించి, ఆడవాళ్ళకు స్నానాల గదులు కట్టించారు, వేడినీళ్ళతో సహా. షిఫ్టు చివర స్నానానికి పావుగంట వదిలారు. అదీ డ్యూటీ కిందే లెక్క. నోటీసు చేయలేని పని కుళాయి చేసింది.

మొదటి సాయంత్రం అక్క, వాళ్ళ ఊరివాళ్ళే మరో ఇద్దరు వెనక ఎక్కారు. బైకు ప్లాంటులోనే వదిలేసి ముందు సీట్లో నేను. ముగ్గురూ ఎందుకైనా మంచిదని డబ్బా పౌడరు పూసుకొచ్చారు. గేటు దాటకముందే మేనేజరు గారికి తుమ్ములు మొదలయ్యాయి. అద్దాలు దించారు.

"వాసనొస్తా ఉందా సార్?" అక్క గొంతు సన్నగా వినపడింది.

"లేదమ్మా. ఏసీ పడదు నాకు."

నెలాఖరు వచ్చింది, పోయింది. అక్క పని మానలేదు. కారు ఇప్పుడు నీడలోనే ఉంటోంది. ఏసీ పడదన్న మనిషి మాత్రం మే నెల ఎండల్లోనూ అద్దాలు దించుకునే నడుపుతున్నారు.