తమ్ముడు చెయ్యెత్తాడు

ఎనభైల్లో మావారు గూడెం కొత్తవీధి దగ్గర కాఫీ తోటలో సూపర్‌వైజరు. ఓడలో పనిచేసే మా తమ్ముడు సింగపూర్ నుంచి వాక్‌మన్, దానికి ఖరీదైన హెడ్‌ఫోన్లు తెచ్చుకుని, సెలవుకి మా దగ్గరికొచ్చాడు. ‘‘దూదిలాగుంటాయక్కా, పెట్టుకుంటే బయటిది ఏటీ వినబడదు’’ అని మురిసిపోయేవాడు.

ఆరోజు తోటలో చెట్టు కొడుతున్నారు. ఆఖరి వేటుకి ముందు ‘‘సెట్టు పడతంది, బేగి తప్పుకోండి!’’ అని కేకేస్తారు. విన్నవాళ్లు చెయ్యెత్తి పక్కకి పోవాలి. కింద బండమీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న తమ్ముడు పాట ఊపులో చెయ్యెత్తాడు. విన్నాడు, లేస్తాడనుకుని గొడ్డలి వేశారు. నేను అరుస్తూ పరిగెత్తాను.

కొమ్మలు తీసేసరికి వాడి ప్రాణం పోయింది. హెడ్‌ఫోన్లకి గీతైనా పడలేదు, పాట వస్తూనే ఉంది. ‘గట్టి సరుకు’ అని ఎవరైనా మెచ్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆరోజు వాటిని తీసేసి, ఇప్పుడైనా వినబడుతుందేమోనని, మళ్లీ పిలిచాను.