వెండి చెంచా దొంగ

వర్క్ పర్మిట్ వచ్చేదాకా శాంటా క్లారాలో ఖాళీగా కూర్చోలేక, ఒక లైబ్రరీకి పాత జైలు రిజిస్టర్లు టైప్ చేసిపెట్టేదాన్ని. వందేళ్లు దాటిన ఆ పేజీల నిండా ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడి ఇళ్లలో పనిచేసిన ఆడవాళ్లే. పంతొమ్మిదేళ్ల పిల్ల వెండి చెంచా దొంగిలించిందట, ఆరు నెలల జైలు. ఇంకొకామె శాలువా తీసిందట, మూడు నెలలు. చదువుతుంటే ఒళ్లు మండేది. ఫిర్యాదు చేసిన దొరసానులను తిట్టుకుంటూ టైప్ చేసేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే నా బంగారు గాజులు కనబడలేదు. క్లోజెట్‌లో బట్టలన్నీ కింద పడేశాను, పరుపు ఎత్తి చూశాను. మా ఆయనకు ఆఫీస్‌కి ఫోన్ చేశాను.

"ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావ్, సరిగ్గా చెక్ చెయ్."

"మొన్న క్లీనింగ్‌కి వచ్చిందిగా, ఆమే తీసుంటుంది. ఏజెన్సీకి కంప్లెయింట్ చేస్తున్నా."

చేశాను కూడా.

వారం తర్వాత పప్పు వండబోతే, కందిపప్పు డబ్బా అడుగున కొలత గ్లాసుకు ఏదో తగిలింది. గాజులు! దొంగలు మనవాళ్ల ఇళ్లలో బంగారం కోసమే వెతుకుతారని, ఆ మధ్య సెలవులకి ఇండియా వెళ్లేముందు నేనే అక్కడ దాచాను.

వెంటనే ఏజెన్సీకి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు తమ దగ్గర పనిచేయడం లేదన్నారు, అంతే.

మళ్లీ రిజిస్టర్ ముందు కూర్చున్నాను. పేరు, వయసు, పోయిన వస్తువు, శిక్ష, అన్నిటికీ గడులున్నాయి. ఆ చెంచా తర్వాత ఎక్కడ దొరికిందో రాయడానికి మాత్రం గడి లేదు.