కొండదారిలో పచ్చికొమ్మ

హార్స్లీ హిల్స్‌కు ఇప్పుడంతా బస్సులోనే పోతారు. మా ఊరి నుంచి ఒక కాలిదారి కూడా ఉంది. చుట్టు తిరిగి పోతుంది కాబట్టి ముసలివాళ్లూ ఆయాసపడకుండా ఎక్కేవారు. చిన్నప్పుడు గొర్రెలతో నేను ముందు నడిస్తే, వెనకబడిన వాటిని తోలుకుంటూ అక్క వచ్చేది. దారి చీలినచోట, నేను పోయిన వైపు పచ్చికొమ్మ తుంచి రాయి కింద పెట్టాలి. ఒకసారి సోమరితనంగా ఎండుకొమ్మ పెట్టాను.

"ఏమే, ఎండుది పెట్టినావు యాల? నిన్నటిదనుకోని ఆడనే నిలబడిపోతిని గదా!" అని పైకొచ్చి తిట్టింది.

నిరుడు అక్క చనిపోయింది. మొన్న ఒక్కదాన్నే ఆ దారిలో నడిచాను. చీలిక దగ్గర చేయి ఊరుకోలేదు. కానుగకొమ్మ, పచ్చిదే చూసి తుంచి, రాయి కింద పెట్టాను. పైన చాలాసేపు కూర్చున్నాను, దారివైపే చూస్తూ.